మొద్దులు నిలబడ్డ రోజు

మొన్న మా కోడలితో కలిసి పెద్దపల్లిలో ఒక ఫర్నిచర్ దుకాణానికి వెళ్ళాను. గుమ్మం పక్కన కూర్చుని బూట్లు వేసుకోవడానికీ విప్పుకోవడానికీ ఏదైనా చిన్న ఆసనం కావాలని కోడలి కోరిక. కుర్చీ అయితే గది ఇరుకవుతుందట, ప్లాస్టిక్ స్టూలు చూడటానికి బాగుండదట. వీపు ఆనుకునేందుకు ఏమీ లేకుండా, దిండుకే కాళ్ళు మొలిచినట్టుండే వాటిని ఇప్పుడు ఒట్టోమన్ అంటారనీ, ఆ కాళ్ళు కూడా లేకుండా గుండ్రంగా ఉంటే పఫ్ఫీ అంటారనీ దుకాణం ఆయన ఓపిగ్గా చెప్పాడు. నేను అన్నిటికీ తలూపి, ఆయన చూపించిన ప్రతిదాన్నీ రెండు చేతులతో పట్టుకుని పక్కకు పడుకోబెట్టి, అలాగే ఉంటుందా, దొర్లిపోతుందా అని చూడటం మొదలుపెట్టాను.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అన్నట్టు ఉంటుంది నా వ్యవహారం. లోపల సామాను దాచుకునే చదరపు ఒట్టోమన్‌ను పడుకోబెడితే దాని మూత నోరు తెరిచి కిందికి వేలాడింది. గుమ్మడికాయ లాంటి తోలు పఫ్ఫీ ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి అద్దాల బీరువా కాళ్ళ దగ్గర ఆగింది. దుకాణం ఆయన పరుగున వెళ్ళి దాన్ని పట్టుకున్నాడు గాని నన్ను ఏమీ అనలేదు, పెద్దమనిషి. కోడలికే తల తీసేసినట్టయింది. "ఏందత్తమ్మా, అందరు కూసోని చూస్తరు, మీరు పడేసి చూస్తున్నరు?" అని మెల్లగా అడిగింది. గట్టిదనం చూస్తున్నానని ఏదో చెప్పి తప్పించుకున్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

నిజమేమిటంటే, మా కోడలికి బాయిలో ఉద్యోగం వచ్చింది. మా వైపు బొగ్గుగనిని బాయి అనే అంటాం. మైనింగ్ చదువు చదివింది, నేల మీద ఇచ్చే శిక్షణ కూడా అయిపోయింది, ఆ వచ్చే సోమవారం నుంచి నెత్తిన లైటున్న టోపీ పెట్టుకుని భూమి లోపలికి దిగాలి. మా కాలంలో ఆడవాళ్ళం బాయి గేటు దాకా సద్దిగిన్నె పట్టుకుపోవడమే గాని, లోపల ఎట్లా ఉంటుందో మగవాళ్ళ మాటల్లో విన్నదే. ఆమెకు భయం లేదు, సంబరంగా ఉంది. మా అబ్బాయికీ సంబరమే. భయమంతా వంట ఇంట్లో నా దగ్గరే ఉంది. పెళ్ళి చేసుకున్నది బడిపంతులును కాబట్టి సైరన్ మోగితే ఉలిక్కిపడే బతుకు నాకు పుట్టింటితోనే పోయిందనుకున్నాను. అది ఇన్నేళ్ళు చుట్టూ తిరిగి, కోడలి రూపంలో మళ్ళీ మా ఇంటికే వస్తుందని ఎవరు అనుకుంటారు?

పఫ్ఫీలను పడుకోబెట్టే చాదస్తం ఎక్కడిదో చెప్పాలంటే గోదావరిఖనిలో మా లైను సంగతి చెప్పాలి. లైను అంటే కంపెనీ క్వార్టర్ల వరస. నా ఈడు వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకే పొడవాటి రేకుల కప్పు కింద పక్కపక్కనే ఇళ్ళు, ఒకరింట్లో పోపు వేస్తే మరొకరింట్లో తుమ్ములు, చివర ఒక నల్లా. మా నాయన బాయిలో టింబర్ పని చేసేవాడు, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. ఆ దుంగలు కొలతకు కోయగా మిగిలిన ముక్కలను ఇంటికి తెచ్చుకోనిచ్చేవారు. సన్నవి పొయ్యిలోకి పోయేవి. లావుపాటి మొద్దు ఒకటి మాత్రం ప్రతి ఇంటి గుమ్మం బయట ఉండేది. అది ఆ ఇంటి మగమనిషిది. డ్యూటీ దిగి వచ్చినవాడు బొగ్గు బట్టలతో మంచం మీద కూర్చోకూడదు గనక, ముందు దాని మీద కూర్చుని, బూట్లు విప్పి, చెంబెడు నీళ్ళు తాగి, ఆ తర్వాతే స్నానానికి లేచేవాడు. మా అమ్మ పాత చీరల పేలికలు కుట్టి మొద్దు పైభాగానికి బొంతముక్క ఒకటి కట్టింది. అది చూసి లైనంతా కట్టుకున్నారు.

ఆ మొద్దుకు ఒక మర్యాద ఉండేది. నాయన డ్యూటీకి బయలుదేరగానే అమ్మ దాన్ని పక్కకు పడుకోబెట్టేది. లైను చివర ఆయన దగ్గు వినిపించాక మాత్రమే లేపి నిలబెట్టేది. మనిషి బాయిలో ఉండగా మొద్దు ఖాళీగా నిలబడి ఉండకూడదు, ఖాళీగా నిలబడ్డ పీట ఇక రాని మనిషి పీట అని వాళ్ళ నమ్మకం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నాయనను అడిగితే, బాయిలో కింద పడి ఉన్న కర్ర అంటే ఇంకా పని చెయ్యాల్సిన కర్ర, అంతకంటే తనకేమీ తెలియదని నవ్వేవాడు. మొత్తానికి లైను ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే, ఏ ఇంటాయన ఏ షిఫ్టులో ఉన్నాడో మొద్దులను చూసే చెప్పగలిగేవాళ్ళం. పాలవాడు కూడా మొద్దు నిలబడి ఉంటే గొంతు తగ్గించి పిలిచేవాడు, లోపల రాత్రి షిఫ్టు మనిషి నిద్రపోతుంటాడని.

మా అమ్మ పుట్టిల్లు మంథని. గుడి సేవా, బడి చదువులూ తప్ప బొగ్గు వాసన ఎరగని ఇల్లు. మా మేనమామ అక్కడే బడిపంతులు. ఆయనకు వంకర అంటే గిట్టదు. మా ఇంటికి వస్తే గుమ్మంలో చెప్పులన్నీ జతలుగా సర్ది గాని లోపలికి అడుగుపెట్టేవాడు కాదు, గోడ మీద క్యాలెండర్ కాస్త పక్కకు ఒరిగి ఉంటే ఆయనకు అన్నం సయించేది కాదు. చెల్లెలంటే ప్రాణం. బొగ్గుబాయిల ఊళ్ళో పడిందని మనసులో ఎంత బాధ ఉన్నా, పైకి ఒక్క మాట అనకుండా, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చక్కబెట్టి వెళ్ళేవాడు.

అలా ఒకసారి ముసురు పట్టిన రోజున మామ బస్సు దిగి వచ్చాడు. మొదటి షిఫ్టు నడుస్తోంది, లైనులో మగవాళ్ళలో చాలామంది బాయిలోనే ఉన్నారు. ఆడవాళ్ళందరూ నల్లా దగ్గర ఉన్నారు. మా అమ్మ కూడా అక్కడే, నేను చిన్న బిందెతో ఆమె వెనకాలే. ఇంటికి తాళం. ఏమీ తోచక మామ లైను వైపు చూశాడు. దాదాపు ప్రతి గుమ్మం ముందూ మొద్దులు పడిపోయి ఉన్నాయి, వాన నీళ్ళు వాటి కింది నుంచి పారుతున్నాయి, బొంతముక్కలు తడిసి ముద్దవుతున్నాయి. కుక్కలో పిల్లలో పడదోశారనుకున్నాడు. పాపం, ఆయన తన కండువా తీసి, ఒక్కొక్క మొద్దునూ తుడిచి, లేపి, చూరు కిందికి జరిపి, అన్నీ ఒకే వరసలో ఉండేటట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబెట్టుకుంటూ పోయాడు.

మేము బిందెలతో మలుపు తిరిగేసరికి ఆయన ఆఖరి మొద్దు దగ్గర నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, తను చేసిన పనిని చూసి మురిసిపోతున్నాడు. ముందు నడుస్తున్న వాళ్ళు ఆగిపోయారు. వెనక వాళ్ళు వాళ్ళను దాటి చూసి వాళ్ళూ ఆగిపోయారు. అన్ని మొద్దులు, అన్నీ ఖాళీగా, బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు నిలబడి ఉన్నాయి. మా అమ్మ ముఖంలో నెత్తురు లేదు. అన్నా అని పిలవడానికి ఆమె నోరు తెరిచిందో లేదో, వేళగాని వేళ బాయి మీద సైరన్ మోగింది.

ఆ కూత విన్నవాళ్ళకు వేరే వర్ణించి చెప్పనక్కర్లేదు. షిఫ్టు సైరన్‌కు పిల్లలు అన్నం గిన్నెలు తీసుకునేవాళ్ళు. వేళగాని సైరన్‌కు ఊరే ఊపిరి బిగబట్టేది. ఎవరి చేతిలోంచో బిందె జారి నీళ్ళు ఒలికాయి. ఒకామె పరుగెత్తి వెళ్ళి తన మొద్దును మళ్ళీ పడుకోబెట్టబోయింది. పక్కామె ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది, నిలబడ్డదాన్ని ఇప్పుడు నీ చేతులారా పడగొడతావా అని. ఆ మాట అందరికీ తగిలింది. నిలబెట్టి ఉంచడానికి లేదు, పడగొట్టడానికీ లేదు. ఎవరి మొద్దు ముందు వాళ్ళు నిలబడి దాన్ని ముట్టుకోలేక, వదల్లేక ఉండిపోయారు. నాయన బాయిలో ఉన్నాడన్న ఒక్క విషయమే నాకు తెలుస్తోంది. మామకు ఏమీ అర్థం కాలేదు. ఏమైందమ్మా అని అమ్మను అడుగుతున్నాడు. లైనంతటి కళ్ళూ ఆయన మీద ఉన్నాయి, ఆ కళ్ళలో ఏమున్నదో చెల్లెలికి తెలుసు.

మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. ఆమె భర్త బాయిలోనే పోయాడు, ఆ రోజు ఆమె ఒక్కగానొక్క కొడుకు కూడా అదే షిఫ్టులో ఉన్నాడు. ఆమె నీళ్ళ బిందె దించి, కొంగు పిండుకుని, అందరినీ ఒకసారి చూసింది.

"ఖాళీగుంటెనే గదనే భయం? కూసోండ్రి. మీరు కూసుంటే అది ఖాళీ ఎట్లయితది?"

అని, వెళ్ళి తన కొడుకు మొద్దు మీద కూర్చుంది. ఆడవాళ్ళు ఆ మొద్దుల మీద కూర్చోవడం అంతకుముందు మేము ఎరగం. మా అమ్మ రెండోది. ఆ తర్వాత ఒక్కొక్కరూ కూర్చున్నారు, చంటిపిల్లలున్నవాళ్ళు పిల్లలను ఒళ్ళో వేసుకుని. అప్పటికి మామకు ఎవరో సంగతి చెప్పారు. ఆయన తెల్లపంచె పైకి ఎగగట్టి, గొడుగు కూడా అక్కడే మరిచి, బురదలో బాయి వైపు పరుగెత్తాడు. మామ అలా పరుగెత్తడం నేను చూసింది అప్పుడొక్కసారే.

ఆ ఎదురుచూపు ఎంతసేపో నాకు తెలియదు. పొయ్యి మీద ఎవరి పప్పో మాడిన వాసన వచ్చినా ఎవరూ లేవలేదు. నేను అమ్మ భుజం పట్టుకుని నిలబడి లైను చివర మలుపు వైపే చూస్తున్నాను. చాలాసేపటికి ఒక మనిషి కనిపించాడు. నల్లటి ముఖం, నల్లటి బట్టలు, దగ్గరికి వచ్చేదాకా ఎవరో పోల్చుకోవడానికి లేదు. అన్ని గుండెలూ ఆ మనిషి ఎవరి గుమ్మం ముందు ఆగుతాడా అని చూశాయి. ఆగిన చోట ఒకామె మొద్దు మీది నుంచి లేచింది, ఆయన దాని మీద కూర్చున్నాడు. కాసేపటికి మరొకరు. ఆ తర్వాత మరొకరు. లోపల ఒక చోట కప్పు కూలిందనీ, అందరినీ పైకి తెస్తున్నారనీ తెలిసింది. మా రెండో పక్క ఇంటాయన బూటు విప్పుతూ విప్పుతూ ఆగి, భార్య ముఖం చూసి, "ఇదేంది, మొద్దు వెచ్చగున్నది" అన్నాడు. అప్పటిదాకా కంటతడి పెట్టని మనిషి ఆ మాటకు గోడకు తిరిగి ఏడ్చింది.

అవ్వ కొడుకూ వచ్చాడు. మా నాయన రాలేదు. తమవాళ్ళు వచ్చినవాళ్ళు సంతోషించడానికి కూడా జంకి, ఒక్కొక్కరే వచ్చి మా గుమ్మం ముందు తడినేల మీద అమ్మ చుట్టూ కూర్చున్నారు. అమ్మ మొద్దు దిగలేదు. ఆఖరికి మామ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, రొప్పుతున్నాడు, దూరం నుంచే చెయ్యి ఎత్తి ఊపుతున్నాడు. "మనిషి బతికిండమ్మా, కాలు మీద పడ్డది. దవాఖానకు తీస్కపోయిండ్రు" అన్నాడు. అమ్మ లేవబోయి, ఆగి, నా వైపు చూసి, నన్ను దాని మీద కూర్చోబెట్టింది. తను వచ్చేదాకా లేవొద్దని చెప్పి అన్నతో కలిసి దవాఖానకు వెళ్ళింది. నేను కూర్చున్నాను. కాళ్ళు నేలకు అందడం లేదు. లేస్తే నాయనకు ఏమవుతుందోనని దాహం వేసినా అడగకుండా కూర్చున్నాను. అవ్వే నీళ్ళు తెచ్చి తాగించి, నా వెనక నిలబడి నా వీపుకు ఆసరా ఇచ్చింది.

నాయన దవాఖాన నుంచి ఇంటికి వచ్చేదాకా మా మొద్దు పగటిపూట ఖాళీగా ఉండలేదు. ఎవరు పలకరించడానికి వచ్చినా లోపలికి రాకుండా దాని మీదే కూర్చునేవారు. వచ్చాక వేరే చిక్కు వచ్చింది. ఆయన మోకాలు వంగదు, అంత కిందికి కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. దాంతో మా ఇంట్లో ఆసనం ఎంపిక అనే యజ్ఞం మొదలైంది. మామ తప్పంతా తనదేనన్నట్టు మంథని నుంచి ఎత్తైన చెక్క స్టూలు మోసుకొచ్చాడు, దాని అంచు తొడలకు కోసుకునేది. ఇనుప కుర్చీ చూశారు, ఎండకు కాలింది, వానకు జారింది. పాత దాని మీద ఉన్న గురి నాయనకు మరి దేని మీదా కుదరలేదు. చివరికి మా అత్త, అంటే మామ భార్య, గట్టి దుప్పటి గుడ్డతో గుండ్రటి సంచి కుట్టి, బూరుగుదూది దట్టంగా కూరి పంపింది. దాన్ని అదే మొద్దు మీద పెట్టి నులకతాడుతో బిగిస్తే ఎత్తు సరిగ్గా సరిపోయింది. దాని మీద కూర్చుని నాయన కాలు చాపుకుని నిట్టూర్చిన నిట్టూర్పు నాకు ఇప్పటికీ గుర్తు. పఫ్ఫీ అన్న పేరు ఆ దుకాణంలో తెలిసింది గాని, వస్తువు మాత్రం మా ఇంటికి అప్పుడే వచ్చింది. ఆ తర్వాత నాయన బాయి లోపలికి దిగలేదు, పైన ల్యాంపు రూములో, దిగేవాళ్ళకు దీపాలు అందించే పని ఇచ్చారు. అయినా అమ్మ ఆయన రిటైరయ్యేదాకా ఆ మొద్దును రోజూ పడుకోబెడుతూనే ఉంది. ఒక్కసారి భయం రుచి చూసిన చెయ్యి ఊరికే ఉండదు కదా.

ఇక మా పఫ్ఫీ సంగతి. దుకాణంలో ఆ పూటంతా గడిచాక డోలులా నిటారుగా ఉన్నది ఒకటి దొరికింది. పడుకోబెడితే ఒక్క పొర్లు పొర్లి ఆగింది, కూర్చుంటే నా మోకాళ్ళకూ ఇబ్బంది లేదు. నేను ముదురు గోధుమరంగు అన్నాను, కోడలు మీగడ రంగు అంది. బొగ్గు మరకలు పడతాయంటే, ఇప్పుడు బాయి దగ్గరే స్నానం చేసి వస్తామని నవ్వింది. రంగు ఆమెది, ఆకారం నాది అని రాజీ పడ్డాం.

సోమవారం పొద్దున ఆమె దాని మీదే కూర్చుని లేసులు కట్టుకుని, స్కూటీ ఎక్కి వెళ్ళింది. వీధి మలుపు తిరగగానే నేను దాన్ని పక్కకు పడుకోబెట్టాను. మా అబ్బాయి చూసి, ఊడ్చడానికి అనుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అయింది, షిఫ్టు దిగే వేళ దాటింది. ఆమె రాలేదు. ఫోన్ చేస్తే అందుబాటులో లేదని ఆ గొంతు అదే మాట చెబుతోంది. మేమిప్పుడు ఉండే ఈ కాలనీ దాకా ఏ సైరనూ వినిపించదు. పాతరోజుల్లో ఆ కూతను ఎంత తిట్టుకున్నామో, మోగనప్పుడు అంతా బాగుందనే ధైర్యం కూడా అదే ఇచ్చేదని ఆ పూటే తెలిసింది. వీధిలోకి చూశాను. అన్ని గేట్లూ మూసి ఉన్నాయి. ఏ ఇంటివాళ్ళు ఏ పనికి పోయారో, ఎప్పుడు వస్తారో నాకు తెలియదు, నా సంగతి వాళ్ళకూ తెలియదు. ఉండబట్టలేక పఫ్ఫీని లేపి గుమ్మం బయట పెట్టి, దాని మీద కూర్చున్నాను. ఎదురింటావిడ గేటు దగ్గరికి వచ్చి, కరెంటు పోయిందా అండీ అని అడిగింది. లేదండీ, ఊరికే అన్నాను.

పొద్దు వాలాక స్కూటీ చప్పుడు వినిపించింది. మొదటి రోజు కదా, పైకి వచ్చాక ఫోన్లు ఆపించి ఏవో మాటలు చెప్పి కూర్చోబెట్టారట, అంతే. నేను లేచి చోటిచ్చాను. ఆమె కూర్చుని ఒక బూటు విప్పింది. రెండోదానికి వంగుతూ ఆగి తలెత్తింది.

"వెచ్చగున్నదేందత్తమ్మా, ఎప్పటినుంచి కూసున్నరు?"

అప్పుడు చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పిందంతా. భయపెడతానేమోనని ఇన్నాళ్ళు దాచిన మాటలు గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. ఆమె ఒక కాలికి బూటుతోనే విన్నది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మర్నాడు లేసులు కట్టుకుని లేచి, దాన్ని పడుకోబెట్టబోతున్న నా చెయ్యి పట్టుకుని, "పడుకోబెట్టకుండ్రి. మీరే కూసోండ్రి" అని వెళ్ళింది.

ఆ లైను ఇప్పుడు లేదు, క్వార్టర్లు పడగొట్టారు. మొద్దులు ఎవరి పొయ్యిలోకి పోయాయో తెలియదు. బాయిలో ఇప్పుడు ఇనుప ఆసరాలు, యంత్రాలు వచ్చాయనీ, అప్పటంత ప్రమాదం లేదనీ అందరూ చెబుతారు, నేనూ నమ్ముతాను. నమ్మకం పగలంతా బాగానే ఉంటుంది, షిఫ్టు దిగే వేళకు పలచబడుతుంది. అప్పుడు భయపడటానికి లైనంతా తోడుండేది. ఇప్పుడు నా భయానికి నేనే పక్కింటి అవ్వను. ఇదంతా గుమ్మం బయట ఆ మీగడ రంగు పఫ్ఫీ మీద కూర్చునే రాస్తున్నాను. మొదటి షిఫ్టు దిగే వేళ అయింది. మా కోడలు ఇంకా రాలేదు.